అయిదో సీటు

శనివారం, రాత్రి.

వ్యాను సీట్ల పంచాయితీ ఈ రోజుతో తేల్చేయాలని పొద్దున్నే కూర్చున్నాం. కూర్చున్నాం అంటే నేను వ్యాను నేల మీద, తమ్ముడు తలుపు దగ్గర మెట్టు మీద, ఆయన డ్రైవరు సీట్లో. రెండు వారాల్లో నేను గీసిన బొమ్మలు ఏడు. ఏ బొమ్మ చూసినా మంచం ఉంది, వంట పెట్టె ఉంది, నీళ్ల డబ్బా ఉంది. మనుషులను మాత్రం చివర్లో గుర్తొచ్చి మూలకు ఇరికించినట్టు ఉంది. గీసింది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

మొత్తం ఎనిమిది సీట్లు. ముందు రెండు. మధ్య వరుసలో డ్రైవరు వెనక ఇద్దరు పట్టే జంట సీటు, జరిగే తలుపు పక్కన ఒంటి సీటు. వెనక ముగ్గురికి పొడుగాటి బెంచి. బండిని క్యాంపరుగా, అంటే లోపలే పడుకుని వండుకునే బండిగా మార్చాక వీటిలో ఏవి ఉండాలి, ఏవి పోవాలి అన్నదే తగవు. ముందు రెండింటి గురించి పెద్దగా మాటలు జరగలేదు. డ్రైవరు పక్క సీటు కింద తిరిగే పళ్లెం వేయిస్తే, ఆగినప్పుడు వెనక్కి తిప్పుకుని కూర్చోవచ్చని ఆయనకు ఎప్పటినుంచో సరదా. ఆ పళ్లెం సీటును కొన్ని సెంటీమీటర్లు పైకి లేపుతుంది. ఇప్పటికే ఆ సీట్లో నా పాదాలు నేలకు అంతంతమాత్రంగా ఆనుతాయి. ఆ సంగతి గుర్తు చేశాక ఆయన మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

తమ్ముడిది మొదటినుంచీ ఒకటే పాట. "అన్నీ పీకేద్దాం అక్కా. ఖాళీ డబ్బా చేతికొస్తే ఆ తర్వాత మన ఇష్టం." ఖాళీ డబ్బాలో అమ్మ ఎక్కడ కూర్చుంటుందని అడిగాను. గోడ పొడవునా ప్లైవుడ్ బల్ల కొట్టి, దానికి రెండు బెల్టులు బిగిస్తే చాలన్నాడు.

ఇక్కడ కాస్త గట్టిగానే మాట్లాడాను. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 14వ నంబరుది మొత్తం బెల్టు బిగింపుల గురించే. మా వ్యానులాంటి చిన్న ప్రయాణికుల బండిలో మూడు చోట్ల పట్టే బెల్టుకు పరీక్ష ఎలా చేస్తారంటే, భుజం మీది పట్టీని దాదాపు 1,350 కిలోల బరువు వేలాడదీసినంత బలంతో లాగుతారు. ఒడి మీది పట్టీని అదే సమయంలో మరో 1,350 కిలోల బలంతో లాగుతారు. ఒక్క మనిషి కూర్చునే చోటికే ఇంత. గుద్దుకున్నప్పుడు మనిషి బరువు మామూలు బరువుగా ఉండదు మరి. మనం కొట్టిన బల్ల ఆ లాగుడుకు బల్లగా మిగలదు, బెల్టుతోనూ మనిషితోనూ కలిసి ముందుకు వస్తుంది. పైగా పక్కకు తిరిగి కూర్చున్న మనిషిని బెల్టు పట్టుకునే తీరే వేరు, ఆ విసురంతా నడుము మీదా మెడ మీదా పడుతుంది. ఆగినప్పుడు కూర్చోవడానికి ఎన్ని బల్లలైనా కొట్టుకుందాం, కదిలే బండిలో మాత్రం బండితో వచ్చిన సీట్లలోనే కూర్చుంటాం అన్నాను. తమ్ముడు కాసేపు స్పానరు తిప్పుతూ ఊరుకున్నాడు. వాడికి ఏడాది పిల్లాడు ఉన్నాడు. అది నేను అనలేదు, వాడికే తట్టి ఉంటుంది.

తర్వాత చేసిన పని, ముందే చేసి ఉండాల్సింది. బొమ్మలు పక్కన పెట్టి సీట్లను చూశాను. చూడటం అంటే టార్చి వేసుకుని, వేలితో తడిమి, బెల్టులు లాగి చూడటం.

వెనక బెంచి మధ్య బకిల్ మీద పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగు ఇంకా అలాగే ఉంది. మేము కొనేనాటికే అది మూడేళ్ల బండి, మా దగ్గర ఆరేళ్లయింది. తొమ్మిదేళ్లలో ఆ బకిల్‌ను ఎవరూ నొక్కలేదన్నమాట. ఆ వరుస బెల్టులు లాగితే కొత్త చీర మడతలా గరగరమన్నాయి. జంట సీట్లో కిటికీ వైపు మా అమ్మాయి స్థలం. రెయిలు సందులో కరిగి అతుక్కుపోయిన ఎర్ర క్రేయాను, సీటు వీపు సంచిలో జడ క్లిప్పులు మూడు. ఇక ఒంటి సీటు. దాని కుషను తలుపు వైపు అంచున జారిపోయి, అక్కడ గుడ్డ నున్నబడి మెరుస్తోంది. బెల్టు అంచు భుజం తగిలే చోట నూగులా లేచింది. చేతి ఆనిక మీద ప్లాస్టిక్‌కు ఉండే గరుకు గీతలన్నీ ముందువైపు నాలుగు వేళ్ల వెడల్పున పూర్తిగా అరిగిపోయాయి. అది అమ్మ సీటు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు అమ్మ చెయ్యి పడే చోటు అది.

నా ఏడు బొమ్మల్లోనూ మొదట కొట్టేసింది ఆ సీటునే. తలుపు దగ్గర వంట పెట్టె పెట్టుకోవడానికి అంతకు మించిన చోటు లేదు మరి.

బెంచి తీసేయాలని అక్కడితో తేలిపోయింది. పని మొదలుపెట్టేముందు బ్యాటరీ తీగ తీసి కొంతసేపు ఆగాం. సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్ కనబడితే అది ఎయిర్‌బ్యాగుకో, ప్రమాదంలో బెల్టును బిగించే పరికరానికో వెళ్లే తీగ. కరెంటు ఉండగా దాన్ని తాకకూడదు. వెనక అలాంటిది ఏదీ కనబడలేదు. ఒంటి సీటు కింద నల్లటి చిన్న కనెక్టర్ ఒకటి ఉంది, బెల్టు పెట్టుకోమని గుర్తు చేసే దీపానిది. బోల్టులు నక్షత్రం తలవి, టార్క్స్ 50 బిట్టు పట్టింది. ఒక్కటి మాత్రం మొండికేసింది. తుప్పు వదిలించే నూనె వేసి అరగంట ఆగి, పొడుగు పిడి తగిలించి తిప్పితే పిల్లి అరిచినట్టు అరిచి వదిలింది. తమ్ముడు ఎప్పుడు మాతో వచ్చినా ఆ బెంచి మీదే కాళ్లు చాచుకుని పడుకునేవాడు, బెల్టుతో వాడికి పని ఉండేది కాదు. "నా సీటును నా చేతే విప్పిస్తున్నావు" అని గొణుక్కుంటూ మోసి బయట పెట్టాడు.

ఒంటి సీటు కూడా విప్పి, బయట పక్కకు పడుకోబెట్టి దుమ్ము దులుపుతుంటే ఒక భయం పట్టుకుంది. దాని బెల్టు సీటు వీపులోంచే వస్తుంది. లాగితే రాలేదు, అంగుళం కూడా. విప్పేటప్పుడు ఏదో విరగ్గొట్టామనుకుని పది నిమిషాలు ఒకరినొకరు అనుకున్నాం. చివరికి ఆయన వచ్చి ఏమీ మాట్లాడకుండా సీటును నిలబెట్టారు. బెల్టు హాయిగా వచ్చేసింది. బెల్టు చుట్టుకునే చక్రం దగ్గర చిన్న గుండు ఒకటి ఉంటుంది. బండి ఒక్కసారిగా ఆగినా, బాగా ఒరిగినా అది కదిలి మీటను లేపుతుంది, చక్రం ఆగిపోతుంది. పడుకోబెట్టిన సీటు దాని లెక్కలో బోల్తా పడ్డ బండి. పాపం అది తన పని తాను చేసుకుంటోంది, మేమే తిట్టుకున్నాం.

బరువులు చూద్దామంటే ఇంట్లో ఉన్నది మనుషులు నిలబడే తూకం ఒక్కటే. సీటుకు ఒక చివర కింద తూకం, రెండో చివర కింద సరిగ్గా అంతే ఎత్తు చెక్క. అంకె రాసుకుని, చెక్కనూ తూకాన్నీ అటూ ఇటూ మార్చి మళ్లీ చూసి, రెండూ కలిపితే మొత్తం బరువు. బెంచి 63 కిలోలు, ఒంటి సీటు 26. జంట సీటును కూడా ఒకసారి విప్పి చూశాం, 47. బెంచి పోతే ఆ 63 కిలోలూ నీళ్లకు, బ్యాటరీకి, చెక్క పనికి వస్తాయి. బండి మోయగలిగే బరువుకు ఒక హద్దు ఉంటుంది, సామాను చేరేకొద్దీ అది అనుకున్నదానికన్నా త్వరగా నిండిపోతుంది.

47 అన్న అంకె చూశాక పొద్దుటి వాదన మళ్లీ గుర్తొచ్చింది. బెల్టులు సీటుకే తగిలించి ఉంటే ఆ పరీక్షలో సీటు బరువుకు 20 రెట్లు కూడా కలుపుతారు. మా జంట సీటు బెల్టులు రెండూ సీటులోంచే వస్తాయి. 47కు 20 రెట్లు 940. ఇద్దరికీ కలిపి లాగుడు 5,400. మొత్తం 6,340 కిలోల బలం, అన్నీ ఆ నాలుగు కాళ్ల మీద. ఆ కాళ్ల కిందికి పాకి చూశాను. నేల రేకు అక్కడ రెండు పొరలు, కింద అడ్డంగా ఉక్కు దూలం. సీటు గొప్పతనం సగం నేలలో ఉంది. తమ్ముడిని పిలిచి చూపించాను. "సరే అక్కా, బల్ల సంగతి మర్చిపో" అన్నాడు.

జంట సీటు ఉండాలని ఒప్పుకోవడానికి ఇంకో రెండు కారణాలు దొరికాయి. దాని వీపుకూ కుషనుకూ మధ్య సందులో ఐసోఫిక్స్ కడ్డీలు ఉన్నాయి, పసిపిల్లల సీటు తగిలించుకునేవి. 280 మిల్లీమీటర్ల దూరంలో రెండు, వేళ్లు పెడితే చల్లగా తగులుతాయి. ఒంటి సీటుకు అవి లేవు. రెండోది, జంట సీటు వీపు ముందుకు పూర్తిగా వాలుతుంది. వాల్చాక వెనకవైపు గట్టి పలక పైకి వచ్చి చదునుగా నిలుస్తుంది. దాని వెనక ఖాళీ నేల 142 సెంటీమీటర్లు, వాలిన వీపు 50. కలిపితే 192. ఆయన పొడవు 178. మంచానికి వేరే స్థలం వెతకాల్సిన పని లేదు, మంచం చెక్క ఎత్తును ఆ పలకకు సమానంగా కొడితే చాలు. ఏడు బొమ్మల్లో ఒక్కదాంట్లో కూడా నాకు ఇది తట్టలేదంటే నవ్వొస్తోంది.

సాయంత్రం అమ్మను పిలిచాను. ఒంటి సీటు బయట ఉంది, జంట సీటు మళ్లీ బిగించి ఉంది. "ఎక్కి చూడమ్మా, ఇక మీదట నీ చోటు అది" అన్నాను. అమ్మ మెట్టు మీద కాలు పెట్టి, అలవాటుగా కుడిచెయ్యి ముందుకు చాచింది. అక్కడ ఏమీ లేదు. చెయ్యి ఒక క్షణం గాలిలో వెతికి, తర్వాత నా భుజం పట్టుకుంది. లోపలికి వెళ్లి జంట సీట్లో కూర్చుని, "బాగానే ఉందే" అంది. బాగాలేనివాటికి అమ్మ వాడే మాట అదే.

తలుపు పక్క స్తంభానికి ఒక పిడి బిగిద్దామన్నాడు తమ్ముడు. ఆ స్తంభం లోపల ఏ తీగలు పోతున్నాయో తెలియకుండా డ్రిల్లు పెట్టనివ్వనన్నాను. అమ్మ ఏడాదికి నాలుగైదు సార్లకు మించి మాతో రాదు కదా అన్నారు ఆయన. నిజమే. కానీ వాటిలో ఏది మానేయమంటాం?

వంట పెట్టె కొలతలు చూసుకుంటూ ఉంటే తోచింది. పెట్టెను ఎలాగూ నేలకు బిగించాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు అదే మీదికి వస్తుంది. దానికి కొత్త బెజ్జాలు ఎందుకు? ఒంటి సీటు విప్పిన నాలుగు బెజ్జాలు అక్కడే ఉన్నాయి, ఉక్కు దూలంతో సహా. పెట్టెకు ఆ నాలుగింటికీ సరిపోయే ఇనప కాళ్లు పెడితే, మామూలు రోజుల్లో పెట్టె, అమ్మ వచ్చిన రోజుల్లో సీటు. 26 కిలోలు ఇద్దరం ఎత్తగలం. ఈ మాట చెబితే అమ్మ, "అయితే నేను వస్తే వంట ఉండదన్నమాట" అంది. ఉండదు. బయట వండుకుందాం, కింద పెట్టుకుని.

సీటు కాళ్ల కింద అట్ట పెట్టి, బెజ్జాల గుర్తులు పెన్సిలుతో దించుకున్నాను. పొడుగు 33 సెంటీమీటర్లు, వెడల్పు 29. మూలల నుంచి మూలలకు కొలిస్తే రెండింటికీ నాలుగు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. రెండోసారి కొలిచినా అంతే. కచ్చితమైన దీర్ఘచతురస్రం పెట్టె చేసి తెచ్చుకుని ఉంటే ఒక కాలు దిగేది కాదు. అట్ట మీద "తలుపు వైపు" అని పెద్ద అక్షరాలతో రాశాను, తిరగేసి పెట్టుకుని తికమక పడతానని నాకు తెలుసు.

బండి కాగితాల్లో సీట్ల సంఖ్య ఎనిమిది నుంచి అయిదుకు మార్పించడం, బీమా వాళ్లకు చెప్పడం ఆయన పని. బెంచిని ఏం చేయాలో తెలియలేదు. ప్రస్తుతానికి బయట గోడకు ఆనించి ఉంది, తమ్ముడు వెళ్లేముందు దాని మీద కాసేపు పడుకున్నాడు కూడా.

చీకటి పడ్డాక టార్చి పట్టుకుని మళ్లీ వెళ్లాను. ఖాళీ బెజ్జాల్లో తేమ, దుమ్ము చేరితే మరలు పాడవుతాయి. ఒంటి సీటు బోల్టులు నాలుగింటికీ పల్చగా గ్రీజు రాసి, వాటి బెజ్జాల్లోనే చేత్తో తిప్పి బిగించాను. పొద్దున మొండికేసింది బెంచిదే గానీ వీటిలో ఒకటి కాదు. ఇవి నాలుగూ మాట వినే రకం.