టైడా మలుపులో ఎర్ర దీపం

అరకులో వలిసె పూలు ఎండిపోకముందే ఒకసారి చూడాలని అమ్మ రెండేళ్లుగా అడుగుతోంది. నవంబరు ఆఖరి శనివారం తెల్లవారుజామున ఐదింటికి విశాఖ మర్రిపాలెం నుంచి బయల్దేరాం. వెనక సీట్లో అమ్మ, మా ఆవిడ, పాప. ముందు నా పక్కన నాన్న. ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, అనంతగిరి ఘాట్ ఆయనకి అరచేతి గీతల్లా తెలుసు.

కారు తీసే ముందు ఇంజిన్ ఆయిలు చూశాను. మా వీధి ఏటవాలు, కారు ఎప్పుడూ పల్లానికి ముక్కు పెట్టి నిలబడుతుంది. ఆయిలు మట్టం చూపే కడ్డీ, డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి తీస్తే ఆయిలు సరిగ్గా పై గీత మీద ఉంది. సరిపోయిందనుకున్నాను.

పెందుర్తి, కొత్తవలస దాటి శృంగవరపుకోట చేరేసరికి ఎండ వచ్చేసింది. ఊళ్లో ఒక లారీకి దారిచ్చి ఆగినప్పుడు డాష్‌బోర్డు మీద ఎర్రగా ఆయిల్ డబ్బా బొమ్మ వెలిగింది. రెండు క్షణాలు ఉండి, యాక్సిలరేటర్ తొక్కగానే పోయింది. నాన్న అప్పుడు కిటికీలోంచి ఎవరినో పలకరిస్తున్నారు, చూడలేదు. రోడ్డు వార ఆపాను. అందరూ టీకి దిగారు. నేను ఆగిన వెంటనే బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ తీశాను. ఆయిలు కింది గీత దగ్గరికి వచ్చేసింది. రెండు గంటల కింద నిండుగా ఉన్న ఆయిలు ఎక్కడికి పోయినట్టు? కారు కింద వంగి చూస్తే ఒక్క చుక్క కూడా లేదు. గాబరా పుట్టింది. పక్క షాపులో ఇంజిన్ ఆయిలు లీటరు డబ్బా కొని సగం పోసేశాను.

ఈలోగా దగ్గర్లోని షెడ్డు నుంచి ఒక మెకానిక్ వచ్చాడు. ఆయన తీసి చూస్తే పై గీత కూడా దాటిపోయి ఉంది. "ఆయిలు ఫుల్లుగా ఉందండీ బాబూ, సెన్సరు పోయుంటాది. ఎల్లిపోండి, పర్లేదు" అన్నాడు. ఒక్క ఉదయంలో మూడు లెక్కలు: నిండుగా, తక్కువగా, ఎక్కువగా. నాకు నచ్చిన మాట నమ్మాను. నాన్నకి కూడా చెప్పలేదు, పెద్దాయన్ని కంగారు పెట్టడం ఎందుకని.

బొడ్డవర దాటాక ఘాట్ మొదలైంది. అడవి చల్లగా ఉంది, పాప కోతుల్ని లెక్కపెడుతోంది. టైడా దాటాక ఒక మలుపులో ఎదురుగా వస్తున్న బస్సు కోసం ఆగాం. ఇంజిన్ ఐడిల్లో ఉండగానే ఎర్ర దీపం మళ్లీ వెలిగింది, ఈసారి పోలేదు. ఈసారి నాన్న చూశారు.

"ఆపరా! ముందు ఇంజిన్ ఆపు!"

ఆయన గొంతులో అంత గట్టిదనం నేను చిన్నప్పుడు రోడ్డు మీదికి పరిగెత్తినప్పుడు విన్నాను, మళ్లీ ఇప్పుడే. ఆపేశాను. బస్సు వెళ్లాక న్యూట్రల్లో వెనక్కి జార్చి, రోడ్డు పక్కన కాస్త చదునుగా ఉన్న జాగాలో పెట్టాం. హజార్డ్ లైట్లు వేసి, వెనక చక్రాలకి రాళ్లు పెట్టి, అప్పుడు నాన్న నన్ను పక్కకి తీసుకెళ్లారు. జరిగిందంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. "పావుగంట ఆగుదాం" అన్నారు, అంతే.

ఆ పావుగంటలో ఆయన చెప్పింది వింటే, పొద్దున్నుంచి నన్ను తికమక పెట్టిన మూడు లెక్కలూ విడిపోయాయి. ఇంట్లో నిండుగా చూపించింది వీధి వాలు వల్ల. ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ పాన్‌లో నూనె పల్లం వైపు ఒరిగిపోతుంది కాబట్టి కడ్డీకి అసలు మట్టం అందలేదు. కోటలో తక్కువ చూపించింది నా తొందర వల్ల. ఇంజిన్ ఆగిన మరుక్షణం కొంత ఆయిలు ఇంకా పై భాగంలోనే ఉంటుంది, కిందికి దిగడానికి ఐదు పది నిమిషాలు పడుతుంది. దానికి తోడు రోడ్డు వార కూడా ఒరిగే ఉంది. నేను సగం లీటరు పోశాక, అదంతా దిగాక మెకానిక్ చూశాడు కాబట్టి ఆయనకి ఎక్కువ కనిపించింది.

"మరి ఎక్కువుంటే దీపం ఎందుకు వెలుగుతుంది నాన్నా?"

"ఆ దీపం ఎంతుందో చెప్పదురా. ప్రెషర్ ఉందా లేదా, అదొక్కటే చెబుతుంది."

మట్టం తగ్గితే చెప్పే దీపం కొన్ని కార్లలో వేరుగా ఉంటుంది, పసుపు రంగులో, డబ్బా కింద అలలాంటి గీతతో. మా కారులో అది లేదు. ఎర్రది వెలిగిందంటే ఇంజిన్ లోపల తిరిగే భాగాలని మోసే బేరింగులకి ఆయిలు ఒత్తిడితో అందడం లేదని అర్థం. దాంతో నాలుగు కిలోమీటర్లు లాగినా ఇంజిన్ పట్టేయొచ్చు. వెనక సీట్లో ముగ్గురిని పెట్టుకుని, ఆ లోయ పక్కన, నేను "సెన్సరు" అన్న మాట పట్టుకుని ఎక్కించేశాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పావుగంట తర్వాత నాన్న డిప్‌స్టిక్ తీశారు. తుడిచి, మళ్లీ పెట్టి తీసి, రెండు వైపులా తిప్పి చూశారు. పై గీతకి వేలి మందం పైన ఉంది. నేను పోసిన అర లీటరుకి అంత పెరగదు. ఆయన ఒక చుక్క వేళ్ల మధ్య రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. నా ముక్కు దగ్గరా పెట్టారు. డీజిల్ వాసన. చిక్కదనమే లేదు.

అప్పుడు నాకు అందింది. మాది 2020 తర్వాత వచ్చిన బీఎస్‌6 డీజిల్ బండి, అంటే పొగ మీద కొత్త నిబంధనలకి తగ్గట్టు చేసింది. సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్. పట్టిన మసిని కాల్చడానికి బండి తనంతట తనే అప్పుడప్పుడు అదనంగా డీజిల్ చిమ్మి ఫిల్టర్‌ని దాదాపు 600 డిగ్రీలకి వేడెక్కిస్తుంది. ఆ పని పూర్తవ్వాలంటే కాసేపు ఆగకుండా మంచి వేగంతో నడవాలి. నేను రోజూ నడిపేది ఆఫీసుకి నాలుగు కిలోమీటర్లు, పాప బడికి రెండు. ప్రతిసారీ మధ్యలో ఆపేస్తుంటే కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్లో కలుస్తుంది. మట్టం పెరుగుతుంది, ఆయిలు పలచబడుతుంది. వేడెక్కిన పలచటి ఆయిలు ఐడిల్లో ప్రెషర్ నిలపలేదు. ఆ ఫిల్టర్ దీపం పసుపు రంగులో గత నెలలో రెండుసార్లు వెలిగి పోయింది. పోయింది కదా అని వదిలేశాను. డీజిల్ బండి అమ్మేటప్పుడు, ఊళ్లో తిరిగేవాళ్లకి ఈ ఒక్క ముక్క కుదురుగా కూర్చోబెట్టి చెప్పాలి. నాకెవరూ చెప్పలేదు.

అరకు వెళ్లే ఆర్టీసీ బస్సుని నాన్న చెయ్యెత్తి ఆపి ఆడవాళ్లని ఎక్కించారు. మేమిద్దరం బండి దగ్గర ఉండిపోయాం. సిగ్నల్ కోసం కిందికి నడిచి ఫోన్ చేస్తే, బండిని ఎక్కించుకెళ్లే లారీ మూడు గంటల తర్వాత వచ్చింది. ఆ మూడు గంటలూ రాతి మీద కూర్చుని నాన్న తన ఘాట్ రోజుల సంగతులు చెప్పారు. లోయ అవతల బైలదిల్లా నుంచి ఇనుప ఖనిజం మోసుకొచ్చే గూడ్సు బండి దిగుతున్న చప్పుడు ఎంతసేపటికీ ఆగలేదు. ఇన్నేళ్లలో ఆయన పక్కన ఊరికే అంతసేపు నేనెప్పుడూ కూర్చోలేదు.

కారు విశాఖకి దిగింది, మేం మధ్యాహ్నం బస్సులో పైకి ఎక్కాం. వలిసె పొలాలు సగం కోసేశారు. మిగిలిన పసుపు చాలు అంది అమ్మ.

మంగళవారం సర్వీస్ సెంటర్లో ఆయిలు దింపితే ఐదున్నర లీటర్లకి పైనే వచ్చింది. పట్టాల్సింది నాలుగున్నర. కొత్త ఆయిలు పోశారు, తర్వాత ఫిల్టర్‌లో మసి కంప్యూటర్ పెట్టి కాల్చారు. ప్రెషర్ సెన్సర్ విప్పి ఆ చోట గేజు బిగించి, ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి చూశారు. ముల్లు ఐడిల్లో కూడా ఒకటి బార్ (ప్రెషర్ కొలత) మీద కదలకుండా నిలబడింది, అది చాలు. బేరింగులకి దెబ్బ తగల్లేదు.

బండి బయటికి తెచ్చాక చదును చూసి ఆపమన్నారు నాన్న. వాచీ చూసుకుంటూ పావుగంట నిలబడ్డారు. తర్వాత బానెట్ ఎత్తి, గుడ్డముక్క నా చేతికిచ్చి, "ఇప్పుడు నువ్వు చూడు" అన్నారు.