పొందూరు పత్తి, బంగారం మీద అణువులు

శ్రీకాకుళం, సోమవారం రాత్రి

పొద్దున్నుంచీ ముసురు. రెండో పీరియడ్ మొదలవగానే కరెంటు పోయింది. ప్రొజెక్టర్‌లో చూపిద్దామనుకున్న బొమ్మలు సుద్దముక్కతో బోర్డు మీద గీశాను. అదే మంచిదైంది, పిల్లలు కూడా నాతోపాటే నోట్సులో గీసుకున్నారు.

ఇవాళ్టి పాఠం అణువులతో సర్క్యూట్లు కట్టడం గురించి. ముందు జినాన్ అనే వాయువు సంగతి చెప్పాను. 1989లో డాన్ ఐగ్లర్ 35 జినాన్ పరమాణువుల్ని, పరమాణువుల్ని చూపే మైక్రోస్కోపు సూది మొనతో ఒక్కొక్కటే జరిపి, నికెల్ మీద ఐబీఎం అని రాశాడు. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి లేచింది. "ఇలా ఒక్కోటీ జరుపుకుంటూ పోతే సర్క్యూట్ ఎప్పటికి పూర్తవుద్ది సార్?"

నేను చెప్పబోయే పాఠమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. వెంటనే సూదిని పక్కనపెట్టి, 2007లో బెర్లిన్‌లో లియోన్‌హార్డ్ గ్రిల్ బృందం చేసిన పని గీశాను. పోర్ఫిరిన్ అనే నాలుగు చేతుల అణువు, చేతి కొసన బ్రోమిన్ పరమాణువు. వేడి చేస్తే బ్రోమిన్ ఊడిపోతుంది. బంగారం మీద తిరిగే అణువుల్లో అలా ఖాళీ అయిన కొసలు రెండు ఎదురుపడితే గట్టి బంధంతో కలిసిపోతాయి. ఒక చేతికే బ్రోమిన్ ఉంటే జంటలు, ఎదురెదురు చేతులకుంటే గొలుసులు, నాలుగింటికీ ఉంటే వల. ఏ ఆకారం రావాలన్నది ముందే, ఫ్లాస్కులో అణువును తయారుచేసేటప్పుడే తేలిపోతుంది.

"మా మామ్మ పని కూడా అంతే సార్" అంది ఆ అమ్మాయి. వాళ్లది పొందూరు. మామ్మ వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతుందట. అక్కడ సరిగ్గా దువ్వకపోతే తర్వాత నూలు తెగిపోతూనే ఉంటుందట. ఇరవై ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను, ఇంత చక్కటి పోలిక నాకెప్పుడూ తట్టలేదు. చాలా సంతోషమేసింది.

ఒక్కచోట మాత్రం పోలిక కుదరదని చెప్పాను. తెగిన నూలును ముడేసుకోవచ్చు. ఇక్కడ బంధం గట్టిది కాబట్టి తప్పు చోట కలిసిన అణువు మళ్లీ విడిపోయి సర్దుకోదు, వలలో ఆ లోపం ఉండిపోతుంది. ఇంకో చిక్కు, అల్లిక జరిగే బంగారమే కరెంటు మోసేస్తుంది. అణువుల గుండా ఎంత పోతుందో కొలవాలంటే వాటిని బంగారం నుంచి విడదీయాలి. ఒకే అణువు డయోడ్‌లా, అంటే కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగంలా, పనిచేయగలదని అవిరామ్, రాట్నర్ అనే శాస్త్రవేత్తలు 1974లోనే ప్రతిపాదించారు. అయినా మనం ఇంకా ఇలాంటి చోట్ల ఆగుతున్నాం.

ఆ దవడ పళ్లు ఎంత సన్నగా ఉంటాయో చూడాలని ఉంది. మామ్మ ఇస్తే రేపు తెస్తానంది.