బెల్ కొట్టకండి

యూదుల ఇంటికి పరామర్శకు వెళ్లే బయటివాళ్లు గుమ్మం దగ్గరే పొరబడతారు. బెల్ కొడతారు. షివా, అంటే ఖననం తర్వాత ఇంట్లో కూర్చుని పాటించే సంతాపం, జరిగే ఇంటికి సాధారణంగా గడియ పెట్టరు, చప్పుడు చేయకుండా వెళ్లి కూర్చోవడమే. ‘షాలోమ్’ అని పలకరించకూడదు. పూలు తీసుకెళ్లే ఆనవాయితీ లేదు. దుఃఖంలో ఉన్నవాళ్లు నోరు విప్పేదాకా మనం విప్పకూడదు. వాళ్లు అసలు మాట్లాడకపోతే? కాసేపు అలాగే కూర్చుని లేచి రావాలి.

షివా అంటే హీబ్రూలో ఏడు, ఏడు రోజులన్నమాట. ఖననం చేసిన రోజే మొదటి రోజు. ఏడో రోజు పొద్దున కాసేపు కూర్చుంటే చాలు, లెక్క తీరినట్టే. మధ్యలో శనివారం, యూదుల విశ్రాంతి దినం, లెక్కలోకి వస్తుంది గానీ ఆ రోజు దుఃఖం పైకి చూపరు.

కెరియా, అంటే తొడుక్కున్న బట్ట చింపుకోవడం, నిలబడే చేయాలి. అమ్మానాన్నలకైతే ఎడమవైపు, గుండె మీద. జీవిత భాగస్వామి, తోబుట్టువులు, పిల్లలకైతే కుడివైపు. చింపు బెత్తెడు ఉండాలి. ఈ చింపును ఏడు రోజులయ్యాక టాకాలు వేసుకోవచ్చు, 30 రోజుల తర్వాత సరిగ్గా కుట్టించుకోవచ్చు. అమ్మానాన్నల కోసం చింపినదానికి మాత్రం 30 రోజుల తర్వాత కూడా టాకాలే, పూర్తిగా కుట్టడమన్నది ఎప్పటికీ లేదు. ఇప్పుడు చాలామంది నల్ల రిబ్బన్ తగిలించుకుని దాన్నే కత్తిరిస్తున్నారు. బట్ట చిరిగే ఆ చప్పుడు రిబ్బన్‌కి ఎక్కడొస్తుంది?

శ్మశానం నుంచి వచ్చాక మొదటి భోజనం ఇరుగుపొరుగు తేవాల్సిందే. ఉడికించిన గుడ్లు, మసూర్ పప్పు. పప్పు గింజ గుండ్రంగా ఉంటుంది, దుఃఖంలో ఉన్నవాళ్లలాగే దానికీ నోరుండదు.