మనిషికి మాత్ర, గుర్రానికి ఉండ

విక్టోరియా కాలం నాటి మందుల ప్రకటనలకు ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోవడం విశాఖలో ఇప్పుడో సరదా. పాత ఇంగ్లీషు వారపత్రికలోంచి కత్తిరించిన కాగితం, బుగ్గలు ఎర్రబారిన పిల్ల, పక్కన గుర్రం, చుట్టూ పూలతీగ. అందరూ బొమ్మ చూసి కొంటారు. అసలు సంగతంతా కింది అంచున చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఈ ప్రకటనల్ని కిందినుంచి పైకి చదవాలి.

కింద ముందుగా దొరికేది ధర. 1 షిల్లింగు 1½ పెన్నీ (షిల్లింగుకు 12 పెన్నీలు). పెద్ద డబ్బాలైతే 2 షిల్లింగుల 9 పెన్నీలు, 4 షిల్లింగుల 6 పెన్నీలు, 11 షిల్లింగులు. ఏ కంపెనీ ప్రకటన చూసినా ఇవే అంకెలు. 1812 నాటి స్టాంపు చట్టం ప్రకారం షిల్లింగు లోపు మందుకు 1½ పెన్నీ, రెండున్నర షిల్లింగుల దాకా 3 పెన్నీలు, నాలుగు దాకా 6, పది దాకా 1 షిల్లింగు సుంకం కట్టాలి. ఆ సుంకాన్ని ధరలో కలిపేస్తే వచ్చిన అంకెలే ఇవి. అర్హత ఉన్న మందుల వ్యాపారి, అందులో ఏముందో అందరికీ తెలిసిన మందు అమ్మితే సుంకం లేదు. అంటే ఆ పన్ను పడింది మందు మీద కాదు, రహస్యం మీద. అమ్మేవాళ్లు దాన్నే తిరగేసి వాడుకున్నారు. మూత మీద సర్కారు స్టాంపు ఉంది కాబట్టి సర్కారు ఒప్పుకున్న మందు అన్నారు. జనం నమ్మారు కూడా. దీనికి సర్కారు పూచీ ఏమీ లేదని ఆ స్టాంపు మీదే అచ్చు వేయాల్సి వచ్చింది తర్వాత. ఆ పన్ను 1941 దాకా బతికింది.

‘పేటెంట్ మందు’ అన్న పేరూ ఇలాంటిదే. నిజంగా పేటెంట్ తీసుకోవాలంటే అందులో ఏముందో రాసిచ్చుకోవాలి. ఆ పని వీళ్లలో దాదాపు ఎవరూ చెయ్యలేదు. పేరును, గుర్తును మాత్రం కాపాడుకున్నారు.

డబ్బాలో ఏముందో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ 1909లో పరీక్షించి బయటపెట్టింది. బీచమ్ కంపెనీ విరేచన మాత్ర ఒక్కోదానిలో అర గ్రెయిన్ ముసాంబరం, దానికి కాస్త ఎక్కువగా శొంఠిపొడి, ఇంకా తక్కువ సబ్బుపొడి. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. ముసాంబరం అంటే పిల్లలకు పాలు మాన్పించడానికి మన ఇళ్లలో రాసే ఆ చేదే, ఎండబెట్టిన కలబంద రసం. 56 మాత్రలకు సరుకు ఖర్చు అర ఫార్దింగు, అంటే పెన్నీలో ఎనిమిదో వంతు. అమ్మింది 13½ పెన్నీలకు. 108 రెట్లు. శతాబ్దం చివర రూపాయికి 16 పెన్నీల మారకం స్థిరపడింది కాబట్టి పెన్నీ, అణా ఒక్కటే. మన లెక్కలో డబ్బా 13½ అణాలు.

ఆ తేడా అంతా లాభమేనంటే పొరపాటు, చాలా వరకు ప్రకటనలకే పోయేది. హాలోవే మాత్రలు, లేపనం అమ్మిన థామస్ హాలోవే 1842లో ప్రకటనలకు 5,000 పౌన్లు పెట్టాడు. 1883లో చనిపోయేనాటికి అది ఏడాదికి 50,000 పౌన్లు. 1853లో పత్రికా ప్రకటనల మీద పన్ను పోయింది, 1855లో పత్రికల స్టాంపు పన్ను, 1861లో కాగితం పన్ను పోయాయి. పత్రికలు చవకయ్యాయి, పేజీలు పెరిగాయి. మనకు దొరికే కాగితాల్లో ఎక్కువ ఆ తర్వాతివే కావడానికి కారణం ఇదే.

ధర పైన ఉండేది హామీ. ‘మొదటి మోతాదు ఇరవై నిమిషాల్లో ఉపశమనం ఇస్తుంది’ అనేది బీచమ్ వాక్యం. ముసాంబరం పేగుల చివరి భాగానికి చేరి పనిచెయ్యడానికి ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది. ఇరవై నిమిషాల్లో తెలిసేది శొంఠి వేడి ఒక్కటే. ఆ మాట రాసినవాడికి ఈ సంగతి తెలుసనే నా అనుమానం. కడుపులో వెచ్చగా అనిపించగానే మందు పట్టిందనుకుంటారు, తెల్లారేసరికి విరేచనం అవుతుంది, నమ్మకం ఖాయమవుతుంది.

ఇదే ముసాంబరం గుర్రానికీ ఇచ్చేవారు. గుర్రానికి ‘ఉండ’ అంటే నాలుగు నుంచి ఆరు డ్రాముల ముసాంబరం. డ్రాముకు 60 గ్రెయిన్లు. అయిదు డ్రాముల ఉండ 600 మనిషి మాత్రలతో సమానం. ఇది నాటుమందేం కాదు, అప్పటి పశువైద్యులూ ఇదే వాడేవారు. తేడా అంతా ఇచ్చే పద్ధతిలో ఉంది. ముందురోజు గడ్డి మానిపించి తడిపిన తవుడు మాత్రమే పెట్టాలి. మర్నాడు పరగడుపున ఉండ మింగించాలి. తాగడానికి గోరువెచ్చని నీళ్లివ్వాలి. ఆ మర్నాడు మెల్లిగా నడిపించి, విరేచనం మొదలవగానే నడక ఆపెయ్యాలి. మందు పనిచెయ్యడానికి పద్దెనిమిది నుంచి ఇరవైనాలుగు గంటలు పడుతుంది. ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే. పన్నెండు గంటలైనా ఏమీ కాలేదని తొందరపడి రెండో ఉండ వేస్తే విరేచనాలు ఆగవు, గిట్టలు వాస్తాయి, గుర్రం పడిపోతుంది. ప్రకటనలో గుర్రం బొమ్మ జేబురుమాలంత ఉంటుంది, తవుడు మాట ఎక్కడా ఉండదు.

ఆవుకు వచ్చేసరికి లెక్క మారుతుంది. నెమరు వేసే పశువు పెద్ద పొట్టలో ముసాంబరం ఎప్పుడు, ఎంత పనిచేస్తుందో చెప్పలేం. అందుకే ఆవుల మందులో ఎప్సమ్ ఉప్పు ప్రధానం: పౌను ఉప్పు, ఔన్సు శొంఠి, బెల్లంపాకం, లీటరుకు పైగా వేణ్నీళ్లు. సీసాలో పోసి తాగించడమే, ఇంగ్లీషులో దీన్నే డ్రెంచ్ అంటారు. అలమండ సంతకు తోలుకెళ్లే రైతులకు వెదురుగొట్టంతో మందు పొయ్యడం కొత్త కాదు. చెయ్యాల్సిన జాగ్రత్తా అదే. ముట్టెను కంటి ఎత్తుకు మించి లేపకూడదు, నాలుక బయటికి లాగకూడదు, దంతాలు లేని పక్కసందులోంచి గుక్కెడు గుక్కెడుగా పొయ్యాలి, దగ్గు రాగానే తల వదిలెయ్యాలి. లేకపోతే మందు ఊపిరితిత్తుల్లోకి పోయి రెండు మూడు రోజుల్లో పశువు పోతుంది. ఈనగానే పాలజ్వరం వచ్చి కూలబడ్డ ఆవుకైతే మింగే శక్తే ఉండదు. ఎంత మంచి మందు పోసినా పొలమారి చస్తుంది. ‘కూలబడిన ఆవును లేపే డ్రెంచ్’ అన్న ప్రకటన కనిపిస్తే ఇది గుర్తుంచుకోండి. పాలజ్వరానికి మొదటి నిజమైన చికిత్స 1897లో డెన్మార్క్‌లో ష్మిట్ అనే పశువైద్యుడి దగ్గర దొరికింది. పొదుగులోకి అయోడైడు నీళ్లు ఎక్కించాడు. తర్వాత తేలిందేమిటంటే ఒట్టి గాలి ఎక్కించినా చాలు. గాలికి స్టాంపు వేసి అమ్మలేరు, అందుకే దానికి రంగుల ప్రకటన లేదు.

పశువుకు నమ్మకంతో రోగం నయం కాదు కదా, మరి ప్రకటనల్లో అచ్చయ్యే యోగ్యతాపత్రాలు రాసిన రైతులంతా అబద్ధాలాడారా అని అడగొచ్చు. అక్కర్లేదు. 1839లో ఇంగ్లండుకు చేరిన గాలికుంటు వ్యాధినే తీసుకోండి. నోట్లో, గిట్టల మధ్య పుండ్లు పడతాయి, మేత ఆగుతుంది, పాలు తగ్గుతాయి. పెద్ద పశువుల్లో చాలామటుకు రెండు వారాల్లో వాటంతటవే తేరుకుంటాయి. అయిదో రోజున మందు కొన్న రైతు పదో రోజున కృతజ్ఞతతో ఉత్తరం రాస్తాడు. అతను రాసింది నిజమే, కారణమే తప్పు. దూడలు పోయినవాడు, పాలు తిరిగి రానివాడు రాసిన ఉత్తరాల్ని ఏ కంపెనీ అచ్చువేస్తుంది?

ఈ ఆట సాగని రోగం ముసర, అంటే పశువుల ప్లేగు. 1865 జూన్‌లో లండన్ పశువుల బజారులో బయటపడ్డాక మందులు, పొగలు, మశూచి టీకా దాకా అన్నీ ప్రయత్నించారు. పశువుల మెడలో ఉల్లిపాయల దండలు కూడా వేశారు. సోకిన వాటిలో చాలా వరకు చచ్చాయి కాబట్టి ఏ మందుకూ పేరు రాలేదు. 1866 ఫిబ్రవరిలో చట్టం తెచ్చి రోగం తగిలిన పశువుల్ని చంపడం తప్పనిసరి చేశాకే అదుపులోకి వచ్చింది.

పశువుల ‘మసాలా దాణా’ ప్రకటనలు నాకు అన్నిటికంటే తమాషాగా ఉంటాయి. మెంతులు, సోపు, శొంఠి లాంటివి పొడికొట్టి పిండిలో కలిపి, కొవ్వు పట్టించే రహస్యమని అమ్మేవారు. మెంతుల వాసనకు పశువు ఆబగా తింటుంది, అంతే. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో జాన్ బెన్నెట్ లాస్ ఇలాంటి దాణాను తూకం వేసి పరీక్షిస్తే, పెట్టిన డబ్బుకు తగ్గ బరువు రాలేదు.

నిజంగా పనిచేసినవీ ఉన్నాయి. బెర్కమ్‌స్టెడ్‌లో విలియం కూపర్ 1852లో అమ్మకానికి పెట్టిన గొర్రెల స్నానపుపొడి అలాంటిది. ఆర్సెనిక్, గంధకం కలిసిన పొడి, గజ్జిపురుగును చంపుతుంది. ఇలాంటి పొడికి కొలతే ప్రాణం. ఎన్ని నీళ్లకు ఎంత పొడో చూసుకోవాలి, గొర్రె ఒళ్లంతా తడవాలి, గుడ్లు పొదిగి బయటికొచ్చే పురుగుల కోసం రెండు వారాల్లో మళ్లీ ముంచాలి. దాహంతో ఉన్న గొర్రెను ముంచితే ఆ నీళ్లు తాగి చస్తుంది. తొట్టి నీళ్లు చెరువులోకి వదిలినా ప్రమాదమే. నా మట్టుకు ప్రకటనలో కొలత ఉందా, ఉత్తరాలున్నాయా అని చూస్తాను. కొలత ఉంటే లోపల సరుకుందని అనుకోవచ్చు.

పసిపిల్లల్ని నిద్రపుచ్చే సిరప్‌ల గురించి రెండు ముక్కలు చాలు. విన్‌స్లో సిరప్‌లో మార్ఫిన్, గాడ్‌ఫ్రే కార్డియల్‌లో నల్లమందు. పిల్లలు ఏడుపు మానారు, కొందరు శాశ్వతంగా. బొమ్మలో తల్లి నవ్వుతూ ఉంటుంది. ఆ కాగితాన్ని పిల్లల గదిలో తగిలించకండి.

లా చదివే పిల్లలకు ఒక ప్రకటన కంఠతా వచ్చు, కార్బాలిక్ పొగబంతి. రబ్బరు బంతి, లోపల కార్బాలిక్ పొడి, గొట్టం ముక్కులో పెట్టి నొక్కడమే. ధర 10 షిల్లింగులు, మళ్లీ నింపితే 5. వాడాక కూడా ఇన్‌ఫ్లుయెంజా వస్తే 100 పౌన్లిస్తామని 1891 నవంబరులో ప్రకటించి, నమ్మకం కోసం బ్యాంకులో 1,000 పౌన్లు వేశారు. కార్లిల్ అనే ఆవిడ రోజుకు మూడుసార్లు చొప్పున జనవరి 17 దాకా పీల్చింది, జ్వరం వచ్చింది, దావా వేసింది. ఇదంతా వట్టి గొప్పలేనన్న కంపెనీ వాదన 1892 డిసెంబరులో వీగిపోయింది. బ్యాంకులో డబ్బు వేశామన్న మాటే వాళ్ల మెడకు చుట్టుకుంది. తమాషా ఏమిటంటే ఆ తర్వాత బహుమతి 200 పౌన్లకు పెంచి మళ్లీ ప్రకటించారు, ఈసారి షరతుల చిట్టాతో.

కొనేవాళ్లకు కాలం పోల్చుకునే గుర్తులు కొన్ని. ‘ఆర్‌డి’ (నమోదైన డిజైన్) అని అంకె ఉంటే 1884 తర్వాతిది. ‘రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్క్’ అంటే 1876 తర్వాతిది. డబ్బా మీద ‘ఇంగ్లండ్’ అని దేశం పేరుంటే సాధారణంగా 1891 తర్వాతిది, ఎందుకంటే దిగుమతి సరుకుల మీద దేశం పేరు ఉండాలని అమెరికా అప్పుడే పట్టుబట్టింది. గాజుసీసా అతుకుగీత మూతి అంచుదాకా వెళితే అది యంత్రం చేసిన సీసా, చాలామటుకు విక్టోరియా కాలానిది కాదు. చాలామంది మోసపోయేది ఇక్కడే.

మన సముద్రపు గాలికి కాగితం మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి. లామినేషన్ మాత్రం చేయించకండి, తేమ లోపలే ఇరుక్కుపోతుంది. ఆమ్లం లేని అట్ట, అద్దానికి కాగితానికి మధ్య కాస్త ఖాళీ, ఫ్రేము వెనక సిలికా జెల్ పొట్లం చాలు, పొట్లాన్ని వానాకాలంలో నెలకోసారి మార్చాలి. ఎనామిల్ బోర్డు పెచ్చులూడిన చోట చింతపండుతో తోమితే ఇత్తడిలా మెరవదు, తుప్పు ఇంకా లోపలికి పోతుంది. మెత్తని గుడ్డతో దుమ్ము తుడిచి ఆ చోట కాస్త మైనం పూస్తే చాలు. గొర్రెల స్నానపుపొడి డబ్బా దొరికి, ఊపితే లోపల ఏదో గలగలలాడుతుంటే మూత తియ్యకండి. ఆర్సెనిక్ నూటయాభై ఏళ్లకు కూడా పాతబడదు.