కొనుక్కొచ్చావా, కోసుకొచ్చావా?

ఉగాది వెళ్ళి ఐదు రోజులైంది, వసంత నవరాత్రుల మధ్యలో ఉన్నాం, అయినా వాట్సాప్‌లో చూసిన ఒక మాట ఇంకా గుచ్చుతూనే ఉంది కాబట్టి రాసేస్తున్నాను. పండగ ముందురోజు మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఒకావిడ ఉగాది పచ్చడి ఎలా చెయ్యాలో పెట్టారు. అరటిపండు, జీడిపప్పు, కిస్మిస్, పుట్నాలపప్పు, మామిడికాయ, కొత్త బెల్లం, చింతపండు అన్నీ ఉన్నాయి. చిట్టచివర "వేపపువ్వు (ఆప్షనల్)" అని ఉంది. ఆప్షనల్! వినాయకచవితికి వినాయకుడు ఆప్షనల్ అన్నట్టుంది.

పిల్లలు తాగరని ఆవిడ బాధ. ఆ బాధ నాకూ తెలుసు, మా పిల్ల చిన్నప్పుడు ముక్కు మూసుకుని మింగేది. కానీ ఆ రోజు మనం చేసేదాని పేరే నింబకుసుమ భక్షణం, అంటే వేపపువ్వు తినడం కదండీ. మిగతావన్నీ ఆ పువ్వు గొంతు దిగడానికి తోడొచ్చినవే.

ఇంకో సంగతి. షడ్రుచులు జీవితంలోని కష్టసుఖాలకు గుర్తు అని ప్రతి ఏడూ టీవీలో చెప్తారు, స్కూల్లో చెప్తారు, గ్రీటింగుల్లో వస్తుంది. తప్పని అనను. కానీ మనం చదివే శ్లోకంలో ఆ మాట ఎక్కడుంది?

శతాయుర్వజ్రదేహాయ సర్వసంపత్కరాయ చ
సర్వారిష్టవినాశాయ నింబకందళభక్షణమ్

నూరేళ్ళ ఆయుష్షుకి, వజ్రంలాంటి ఒంటికి, సకల సంపదలకి, అరిష్టాలన్నీ పోవడానికి వేప కందళం తినాలని దీని అర్థం. ఆరు రుచుల ఊసు లేదు. ఉన్నది ఒక్క చెట్టు. ఆ చెట్టులో కూడా ఒక్క భాగం, కందళం. చాలామంది దీన్ని "నింబకం దళభక్షణం" అని విడగొట్టి చదువుతారు, వేపాకు తినడం అని అర్థం చెప్తారు. నాకు మాత్రం "నింబ కందళ" అని చదవడమే ఇష్టం. కందళం అంటే అప్పుడే పొడుచుకొచ్చిన చిగురు, లేత మొలక. పూత కూడా ఆ లేతదనంలోంచే వస్తుంది. ఎండిపోయిందనుకున్న కొమ్మలోంచి మొదట తొంగిచూసేదాన్ని తిని ఏడాది మొదలుపెట్టమంటోంది శ్లోకం, మన ఆచారంలో అది కూడా తలంటు పోసుకుని, ఇంకేమీ తినకముందు, పరగడుపున.

ఈసారి ఈ మాట బాగా అక్కరకొచ్చింది కూడా. 2026 ఉగాది మార్చి 19నే వచ్చేసింది. అధికమాసం ఉన్న ఏడు ఇలాగే ముందుకు జరుగుతుంది, 2023లో అధిక శ్రావణం వచ్చినప్పుడు కూడా మార్చి 22నే. మా వీధి చెట్టు ఇంకా పూర్తిగా పూయలేదు, గసగసాలంత మొగ్గలు. పువ్వు దొరకలేదని ఎంత టెన్షన్ పడ్డారో జనం, కట్ట ఇరవై రూపాయలని బజారులో ఎగబడ్డారు. ఆ కట్టలేమో కొమ్మలకు కొమ్మలు నరికి తెచ్చినవి, సాయంత్రానికి వాడిపోయి రోడ్డు పక్కన చెత్తలో ఉన్నాయి. అయ్యా, చిగురు చాలు. రెండు చిటికెల చిగురు, నాలుగు మొగ్గలు. దానికోసం అంత కొమ్మ ఎందుకు?

మా అత్తగారు అయితే ఒక్కటే అడిగేవారు. "పువ్వు కొనుక్కొచ్చావా, కోసుకొచ్చావా అమ్మాయ్?" కొనుక్కొచ్చానంటే ఏమీ అనేవారు కాదు, పళ్ళెం అక్కడ పెట్టి తానే చెప్పులేసుకుని బయల్దేరేవారు. ఆవిడ లెక్కలో పచ్చడి వంటింట్లో మొదలవదు, చెట్టు దగ్గరికి నడవడంతో మొదలవుతుంది. తెల్లవారాక వెళ్ళాలి, చీకట్లో చెట్టుని ముట్టుకోకూడదు. కింద పాత పంచె పరిచి, చేతికందిన రెమ్మని మెల్లగా దులపాలి. రాలింది మనది, రాలనిది చెట్టుది. ఇంటికొచ్చాక కాడల్లోంచి పువ్వుని నలిపి విడదీసి చేటలో చెరగాలి. ఆ చెరిగేటప్పుడు వచ్చే వాసన, చేదుచెట్టుకి తేనె వాసన ఎక్కడిదో అని ఎన్నిసార్లు ఆశ్చర్యపోయానో! పచ్చడికి పోగా మిగిలింది నీడలో ఎండబెడితే ఏడాదంతా చారుకి, పొడికి వచ్చేది.

ఆవిడ 2021లో, దసరా వెళ్ళాక పోయారు.

అదే ఏడు తెలంగాణలో వేపచెట్లకి డైబ్యాక్ తెగులు వచ్చింది, గుర్తుండే ఉంటుంది. శిలీంధ్రం వల్ల కొమ్మల చివర్ల నుంచి మాడినట్టు ఎండుకుంటూ వచ్చాయి. మా నీళ్ళట్యాంకు పక్క చెట్టు మొత్తం గోధుమరంగు అయిపోయింది. కొట్టేద్దామని కూడా అన్నారు. మరుసటి ఉగాది, శుభకృత్, 2022 ఏప్రిల్ 2. మాకు ఏటిసూతకం, పండగ లేదు, బొబ్బట్లు లేవు, గుమ్మానికి మామిడాకులు కూడా లేవు. ఊరికే ఇంట్లో కూర్చోలేక నడుచుకుంటూ అటు వెళ్ళాను. చెట్టుకి ఒక్క పువ్వు లేదు. మానుకి మాత్రం, నా భుజమంత ఎత్తులో, బెరడు చీల్చుకుని గోరంత ఎర్రటి చిగురు వచ్చింది. ఒక్క ఆకు తుంచి నోట్లో వేసుకున్నాను. బెల్లం లేదు, చింతపండు లేదు. శ్లోకం కూడా చదవలేదు, గొంతు రాలేదు. ఎంతసేపు నమిలానో తెలీదు, చేదు పోయాక కూడా నములుతూనే ఉన్నాను.

కందళం అంటే ఏమిటో నాకు నిఘంటువు చెప్పింది కాదు, ఆ మాను చెప్పింది.

ఆ చెట్టు కింద ఇప్పుడు ఏటా చైత్రంలో రెండు కుండలు పెడుతున్నాం. చలివేంద్రం పెట్టేటప్పుడు చదివే శ్లోకం ఉంది చూడండి, "ప్రపేయం సర్వసామాన్యా భూతేభ్యః ప్రతిపాదితా, అస్యాః ప్రదానాత్ పితరః తృప్యంతు హి పితామహాః" అని. నీళ్ళు తాగేది దారినపోయేవాళ్ళు, తృప్తిపడేది మన పెద్దలు. చలివేంద్రం నడిపే శక్తి లేనివాళ్ళు రోజూ ఒక కుండ చల్లటి నీళ్ళు దానం చేసినా చాలన్నారు, ధర్మఘటం అంటారు దాన్ని. మేం చేసేది అదీ ఇదీ కలిసిన కుండ. పొద్దున్నే నడకకు వెళ్ళేటప్పుడు నింపి వస్తాను. డాక్టరు రోజూ అరగంట నడవమన్నారు, నడకా అవుతుంది, నీళ్ళూ అవుతాయి. కుక్కలకి విడిగా మట్టిమూకుడు పెట్టాం, లేకపోతే కుండని దొర్లిస్తున్నాయి.

గీతలో స్వామి "మాసానాం మార్గశీర్షోऽహం ఋతూనాం కుసుమాకరః" అన్నాడు. కుసుమాకరం అంటే వసంతం, ఋతువుల్లో అది తానేనని. ఆకరం అంటే గని. తాను పువ్వునని అనలేదు, పువ్వుల గనినని అన్నాడు. గని దగ్గరికి మనమే వెళ్ళాలి, తవ్వుకోవాలి. మరి ఈ వసంతంలో ఏసీ వేసుకుని లోపలే కూర్చుంటే ఎలా చెప్పండి? డాబా మీద నాలుగు కుండీలున్నా చాలు. సంక్రాంతి ముందు మల్లెకి కొమ్మలు కత్తిరించి, నీళ్ళు తగ్గించి, ఆకు దూసేస్తే ఎంత కష్టపెట్టామో అనిపిస్తుంది, ఇప్పుడు చూడండి మొగ్గలు ఎలా తొడిగిందో. దవనం ఒక కుండీలో ఉంది నాకు. చైత్రశుద్ధంలో దేవుళ్ళకి దవనం సమర్పించాలి, ద్వాదశికి విష్ణువుకి, చతుర్దశికి శివుడికి. ఈ సంగతి పూలకొట్టు వాళ్ళకి కూడా గుర్తులేదు, అడిగితే దండలో కట్టే ఆకే కదమ్మా అన్నాడు.

వంటింటి సంగతి ఒకటి చెప్పి ఆపేస్తాను. మా అమ్మాయి ఓవెన్ కొంది. ఉగాదికి నేను శనగపప్పు ఉడికించి పూర్ణం రుబ్బుతుంటే తను గోధుమపిండి, బెల్లం, పెరుగు కలిపి కేకు చేసింది, గుడ్డు లేకుండా, మడిలాగే తలస్నానం చేసి. "అమ్మా, ఇది నైవేద్యం పెట్టచ్చా?" అంది. నాకు నోట మాట రాలేదు. కేకు ఏంటి దేవుడికి? కానీ బొబ్బట్లు మాత్రం బజారువి తెచ్చి ప్లాస్టిక్ డబ్బాతో సహా పీఠం దగ్గర పెట్టే ఇళ్ళు నేనెరుగుదును. పిల్ల పొద్దున్నే లేచి చేత్తో చేసింది. "భక్త్యుపహృతం", భక్తితో తెచ్చిచ్చింది అన్నాడు కదా గీతలో ఆయన, పెనం మీద కాల్చిందా పెట్టెలో కాల్చిందా అని అడగలేదు. పెట్టాం. బొబ్బట్టు పక్కనే. అంచు కాస్త మాడింది, మా వారు ఆ ముక్కే ఏరుకుని తిన్నారు.

నవమికి పానకంలో మిరియాలు దంచి వెయ్యండి, పొడి ప్యాకెట్టు వద్దు. వడపప్పుకి పెసరపప్పు గంట నానితే చాలు. ఇంకో రెండు మూడు వారాలు వేపపూత ఉంటుంది, ఉగాదికి పువ్వు వెయ్యనివాళ్ళు ఇప్పుడైనా వెళ్ళండి. పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి, వాళ్ళ చేత్తో దులిపించండి, తను దులిపిన పువ్వుని పిల్లవాడు ఒక్కటైనా తింటాడు. పాత పంచె మర్చిపోకండి. చేట లేకపోతే స్టీలు పళ్ళెమైనా సరిపోతుంది, కాకపోతే ఊదేటప్పుడు పువ్వు కూడా ఎగిరిపోతుంది, మెల్లగా ఊదాలి.