ఎంతవరకు వచ్చావు?

పదకొండు దాటింది. పడుకుని రెండుసార్లు లేచాను. పెద్ద విషయమేం కాదని నాకూ తెలుసు. కానీ రాసి పడేస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు.

సాయంత్రం మేనకోడలు ఫోన్ చేసింది. వాళ్ళ ఆఫీసులో ఏడుగురు కలిసి ఓ ఆట పెట్టుకున్నారట. ఒక్కొక్కళ్ళు తమకు బాగా ఇష్టమైన పుస్తకం చెప్పాలి, ఒకరు చెప్పిన రకం ఇంకొకరు చెప్పకూడదు, మిగతావాళ్ళు వాటిలో ఒక్కటైనా చదివి తీరాలి. కవిత్వం వంతు వచ్చినాయన 'మహాప్రస్థానం' అన్నాడట. అదీ గీతాల కోసం కాదు, ముందు చలం రాసిన 'యోగ్యతాపత్రం' కోసమట. కథలంటే 'అమరావతి కథలు', మొత్తం వంద, రోజుకొకటి చొప్పున మూడు నెలల పైమాటే. ఇంకో పిల్ల 'కాలాతీత వ్యక్తులు' అందట. డాక్టర్ పి. శ్రీదేవి 1957-58లో సీరియల్‌గా రాసిన నవలలోని ఇందిర అచ్చం మా మేనేజరే, కావాలంటే చదివి చూసుకోండి అందట. కొత్తగా చేరిన కుర్రాడు 'ఫ్రాంకెన్‌స్టయిన్' అన్నాడట. 1818లో వచ్చిన ఆ పుస్తకం దెయ్యాల కథా, సైన్సు కథా అని అరగంట కొట్టుకుని, ఏ రకం కింద రాసుకోవాలో తేలక చివరికి టీకి వెళ్ళిపోయారట.

"నువ్వు చెప్పత్తా. నీకు ప్రాణమైంది ఒక్కటి. నేను తప్పకుండా చదువుతాను."

ఆలోచించనైనా లేదు. "వేయిపడగలు" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ అర్థం కావడం లేదు. ఫోను స్పీకర్లో ఉంది. ఎదురుగా ఈయన, పక్కన మా మరిది. అంతమంది ముందు 'బారిష్టర్ పార్వతీశం' అంటే ఏమనుకుంటారోనని కాబోలు. నిజానికి నాకు ప్రాణమైంది అదే. 1924 నాటి ఆ మొదటి భాగం ఏడాదికోసారైనా తీస్తాను. ఆ టోపీ ఘట్టం దగ్గరికొచ్చేసరికి తర్వాత ఏం జరుగుతుందో మాట మాటా తెలిసీ నవ్వుతాను. కానీ నవ్వించే పుస్తకాన్ని 'ఇష్టమైన పుస్తకం' అని పెద్దమనిషిలా చెప్పుకోవడానికి ఎందుకో నోరు రాదు. చుట్టాలొచ్చినప్పుడు ముందుగదిలో ఓ పుస్తకం, లోపల దిండు కింద ఇంకోటి. అలా అయింది నా పరిస్థితి.

వేయిపడగలు నేను మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ ఆపాను. విశ్వనాథవారు దాన్ని 29 రోజుల్లో పూర్తి చేశారని చెప్పుకుంటారు. అన్ని పనుల మధ్యా పి.వి.నరసింహారావు గారు కూర్చుని 'సహస్రఫణ్' అని హిందీలోకి అనువాదం చేశారు. ఒకరు రాయగలిగారు, ఒకరు ఇంకో భాషలోకి మోసుకెళ్ళగలిగారు, నేను చదవలేకపోయాను. చదవలేకపోవడం తప్పు కాదు. ఫ్రెంచి రచయిత దానియెల్ పెన్నాక్ 1992లో పాఠకుల హక్కులని పది రాశాడు. చదవకుండా ఉండే హక్కు మొదటిది. పేజీలు దాటేసే హక్కు రెండోది, మధ్యలో ఆపేసే హక్కు మూడోది. నోరు మూసుకుని ఊరుకునే హక్కు పదోది. చదవకుండానే ప్రాణమని చెప్పే హక్కు ఎక్కడా లేదు. సాయంత్రం నేను ఆ పదో హక్కు వాడుకోవాల్సింది.

ఫోన్ పెట్టేశాక ఈయన లేచి బీరువా దగ్గరికెళ్ళారు. పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి, మధ్యలో తెరిచారు. రెండు కాగితాలు పైఅంచున అతుక్కునే ఉన్నాయి. బైండింగులో కోత పడని కాగితాలు. సంచీలా నోరు మూసుకుని, లోపలి రెండు పేజీలకీ ఇంతవరకు గాలి కూడా తగల్లేదు. ఈయన ఏమీ అనలేదు. కళ్ళజోడు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు. ఏమీ అనకపోవడమే ఈయన అనడమని మీకు తెలుసు కదా.

సరే, అదంతా నా తప్పే. నిద్ర పట్టనిది మాత్రం దానివల్ల కాదనుకుంటూ కూర్చున్నాను. మా మరిది వల్ల.

అతని సంగతి ఇదివరకే రాశాను. పుస్తకం పేరు ఎత్తితే చాలు, తెల్లారుజామున లేస్తే జీవితం ఎలా మారిపోతుందో చెప్పే ఆ ఒక్క పుస్తకమే చెప్తాడు. పెళ్ళయిన జంటకి అదే. రిటైరైనాయనకి అదే. ఆరో తరగతి పిల్లాడు "బాబాయ్, దెయ్యాల పుస్తకం ఏదైనా చెప్పవా" అంటే వాడికీ అదే. పోయినేడు వాళ్ళ స్నేహితుడి తల్లి పోతే, పరామర్శకి వెళ్ళి, వచ్చేటప్పుడు ఆయన చేతిలో అదే పెట్టి వచ్చాడు. ఆ మనిషి అసలే నాలుగు రోజులుగా నిద్ర లేకుండా ఉన్నాడు!

ఇవాళా అంతే. పిల్ల అడిగింది నన్ను. నేను అబద్ధమో నిజమో ఓ పేరు చెప్పాను. అతను మధ్యలో దూరి, "ఆ పాత నవలలెందుకమ్మాయీ, కథలు చదివితే ఏమొస్తుంది? మనిషిని మార్చే పుస్తకం చెప్తాను, రాసుకో" అని మొదలెట్టాడు. చదివితే ఏమొస్తుందట! ఏమీ రాకూడదనే చదువుతాం కొన్నిసార్లు. పొద్దున్నుంచి వచ్చినవి చాలక పుస్తకంలోంచి కూడా ఏదో రావాలా? అంతటితో ఆగాడా, ఆ పుస్తకం సారాంశమంతా, ఆఖరి అధ్యాయంతో సహా, పది నిమిషాల్లో ఒప్పజెప్పేశాడు. ఇంక ఆ పిల్ల చదివేదేముంది? ఎవరికైనా పుస్తకం ఇచ్చాక ఊరుకుంటాడా అంటే అదీ లేదు. రోజు విడిచి రోజు ఫోన్, "ఎంతవరకు వచ్చావు?" అని. అప్పు వసూలు చేసేవాళ్ళు నయం.

పుస్తకం చెప్పేముందు మనిషిని చూడాలి. ఈమధ్య దేనికి నవ్వావు, దేనికి విసుక్కుంటున్నావు, రోజుకి ఎంతసేపు కూర్చోగలవు అని అడగాలి. ఎదుటివాళ్ళని ఏమీ అడగకుండా మన ఇష్టాన్ని వాళ్ళ నెత్తిన పెట్టడం పెత్తనం.

పై వాక్యం దగ్గర పదిహేను నిమిషాలుగా ఆగిపోయాను. ఎందుకంటే ఓ సంగతి గుర్తొచ్చింది. అది గుర్తుకు రాకపోతే ఈ టపా ఇక్కడే ముగించి హాయిగా పడుకునేదాన్ని.

పెళ్ళయిన రెండో ఏడు. కాలు విరిగి రెండు నెలలు మంచం మీదున్నాను. అప్పటికి నేను చదివేవి వారపత్రికల్లో సీరియళ్ళు, అవీ ప్రేమకథలైతేనే. మా మరిది కాలేజీలో ఉన్నాడు. ఓ మధ్యాహ్నం వచ్చి అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి నా కాలి కట్టు మీద పెట్టాడు. "వదినా, ఇది చదవండి" అన్నాడు, అంతే. అగాథా క్రిస్టీ 1926లో రాసిన రోజర్ ఆక్రాయిడ్ హత్య. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. దిండు పక్కన డిక్షనరీ పెట్టుకుని రోజుకి పదీ పదిహేను పేజీలు. మొదటి రోజు విసుగు. రెండో రోజూ విసుగే. ఎవరెవరి చుట్టమో కాగితం మీద వంశవృక్షం గీసుకున్నాను.

అతను రోజూ పొద్దున్నే కాలేజీకి వెళ్తూ గుమ్మంలో ఆగేవాడు. "ఎంతవరకు వచ్చారు వదినా?" నేను పేజీ నంబరు చెప్పేదాన్ని, నా అనుమానం ఎవరి మీదో కూడా. రోజుకొకళ్ళు. అతను మొహం బిగబట్టుకుని, "ఓహో" అని, చెప్పుల్లో కాళ్ళు పెట్టబోయి ఒక కాలు తప్పు చెప్పులో పెట్టేవాడు. ఓ రోజు ఏదో అనబోయి, నాలిక కరుచుకుని, వంటింట్లోకి పోయి రెండు గ్లాసుల నీళ్ళు తాగి వచ్చాడు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

పూర్తయిన రాత్రి ఇల్లంతా నిద్రలో ఉంది. ఆఖరి పేజీ చదివి, మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళి, మళ్ళీ ఆఖరికి వచ్చి, కట్టుతో కుంటుకుంటూ వెళ్ళి అతని గది తలుపు కొట్టాను. "ఇది అన్యాయం" అన్నాను. ఇంకేం రాలేదు నోట్లోంచి. (ఆ పుస్తకం వచ్చిన కొత్తలో చాలామంది ఆ రచయిత్రిని అదే మాటన్నారని తర్వాతెప్పుడో చదివి, నేనొక్కదాన్నే కాదని తృప్తి పడ్డాను.) అతను తలుపు దగ్గరే నేల మీద చతికిలబడి, నోట్లో తువ్వాలు కుక్కుకుని నవ్వాడు. అన్ని రోజులూ ఆ కుర్రాడు ఆ ముగింపును కడుపులో దాచుకున్నాడు! ఇవాళ పది నిమిషాల్లో ఆఖరి అధ్యాయం ఒప్పజెప్పినవాడూ అతనే మరి.

అప్పుడతను నన్నేమీ అడగలేదు. నీకేం ఇష్టం అని అడిగి ఉంటే ప్రేమకథల సీరియళ్ళు అనేదాన్ని, ఇంకో నాలుగు పత్రికలు తెచ్చి పడేసేవాడు. నా బీరువాలో ఇవాళ ఓ అరనిండా ఉన్న హత్యలన్నీ ఆ పెత్తనం చలవే. ఏమీ అడగకుండా నెత్తిన పెట్టడం వల్లే. ఇందాక పైన రాసిన వాక్యం కొట్టేయాలా? ఉండనీ. సగం నిజం, సగం కోపం.

గణితం మేష్టారుగా ఉండి లైబ్రేరియన్ అయిన ఎస్.ఆర్.రంగనాథన్ 1931లో గ్రంథాలయాలకి అయిదు సూత్రాలు రాశారు. అందులో రెండోది, ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం. మూడోది, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు. రెండూ ఒకటేలే అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. ఒకటి కాదు. రెండోదానికి మనిషిని చూసి పుస్తకం వెతకాలి. మూడోదానికి పుస్తకం చేత్తో పట్టుకుని మనిషిని వెతుక్కుంటూ తిరగాలి. మా మరిది ఈ మూడో సూత్రం బాపతు. తెల్లారుజాము పుస్తకానికి సరైన పాఠకుడెవడో ఎక్కడో ఉండే ఉంటాడు, ఆ తల్లి పోయినాయన మాత్రం కాదు. నాలుగో సూత్రం పాఠకుడి సమయం ఆదా చెయ్యమని. ముగింపు ముందే చెప్పేయడం ద్వారా అదీ పాటిస్తున్నాడనుకోవాలి.

అయినా అతను సాయంత్రం చెప్పింది తనకి నిజంగా ఇష్టమైన పుస్తకం. రోజూ అలారం పెట్టుకుని లేస్తాడు కూడా. అబద్ధం చెప్పింది నేను.

ఇది గ్రహించాక పిల్లకి మెసేజ్ పెట్టాను. "ఆ పుస్తకం నేను పూర్తి చెయ్యలేదే. నాకు ఇష్టమైంది బారిష్టర్ పార్వతీశం. అది చదువు. నవ్వొస్తే ఫోన్ చెయ్యి" అని. పంపేముందు మొదటి వాక్యం తీసేశాను. మళ్ళీ పెట్టాను. మళ్ళీ తీసేశాను. తీసేసే పంపాను, ఏం చెయ్యను.

వెంటనే జవాబొచ్చింది. ఇంకా పడుకోలేదు.

"అదీ చదువుతానత్తా. కానీ అమ్మ బీరువాలో వేయిపడగలు దొరికింది, రాత్రే మొదలెట్టేశా. పసిరిక చివరికి ఏమవుతాడో మాత్రం చెప్పకు, ప్లీజ్!"

నన్నా చెప్పొద్దనేది.

బల్ల మీద పుస్తకం ఈయన తెరిచిపెట్టినట్టే ఉంది. స్కేలు పిల్లల సొరుగులో ఉండాలి, చప్పుడు కాకుండా తీసుకురావాలి.