ఊరి గోడ మీద చేర్యాల పటం

గుడ్డ మీద గీసే చేర్యాల బొమ్మలు ఇప్పుడు ఎక్కువగా కనపడేది హైదరాబాద్ ఫ్లాట్లలో, పెళ్లి గిఫ్టుల్లో. చేర్యాలకు పక్కనే ఉన్న మా జనగామ వైపు ఊళ్లలో మాత్రం గోడకు ఎరువుల కొట్టువాళ్ల క్యాలెండరే ఉంటుంది. నాకిది ఎప్పటినుంచో మింగుడుపడదు, ఎందుకంటే ఆ పటాలు అసలు పుట్టిందే ఊళ్ల కోసం. ఖాదీ గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించి, ఎర్రరంగు వేసి నకాషీలనే చిత్రకారులు బొమ్మలు గీసిస్తే, గౌడ్లకు గౌడజెట్టివాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు ఆ పొడవాటి పటం చుట్ట కొద్దికొద్దిగా విప్పుతూ కులపురాణం చెప్పేవాళ్లు.

అందుకే మా ఫ్రెండ్స్ కొంతమందిమి డబ్బులు వేసుకుని చిన్న పటాలు గీయించి ఊళ్లో ఇళ్లకు చేర్చడం మొదలుపెట్టాం. పంచాయతీ ఆఫీసులో మీటింగ్ పెట్టి పంచుదామని ఒకడన్నాడు కానీ నేను ఒప్పుకోలేదు. అలా ఇస్తే అదొక స్కీమ్ అయిపోతుంది, పటం బీరువా మీదికెక్కి దుమ్ము పడుతుంది. మా మామకు గౌడ సంఘంలో అందరూ తెలుసు, ఆయన చెప్పిన ఇళ్లకే వెళ్లాం, అదీ చేతిలో పటం లేకుండా, ఏం బొమ్మ కావాలో అడగడానికి. "కాటమయ్యను గీయిస్తరా? అయితే పక్కన తాటిచెట్టు ఉండాలె, మోకు సరిగ్గ ఉండాలె, లేకపోతే నవ్వుతరు" అన్నాడు ఒకాయన. కాటమయ్య గౌడ్ల దేవుడు, మోకు తాటిచెట్టు ఎక్కే తాడు. సగం డబ్బులు కూడా తనే ఇస్తానన్నాడు. ఊరికే వచ్చినదాన్ని ఊళ్లో ఎవరూ నమ్మరు లెండి!

అసలు పంచాయితీ ఆయన ఇంటికి పటం వచ్చాక మొదలైంది. దేవుని అర్రలో పెట్టాలా, ముందర అర్రలోనా? దేవుని దగ్గర పెడితే పొగ, పసుపు, కుంకుమ. ముందర పెడితే చెప్పుల కాళ్లతో తిరిగేచోట దేవుడేంటని ముసలమ్మ గొడవ. వానాకాలం నెమ్మెక్కే గోడైతే చింతగింజల జిగురుకు బూజు ఖాయం. చివరికి ఆ ఇంటి అత్తమ్మే తేల్చేసింది, అద్దం ఫ్రేమ్ కట్టించి టీవీ పైన కొట్టించింది, వచ్చినవాళ్లందరికీ కనపడాలట.

అది చూసి పక్కవీధి పద్మశాలీ పెద్దాయన మామను పట్టుకున్నాడు, తమ కులపురాణంలోని భావనాఋషి పటం కావాలని. చిన్నప్పుడు కూనపులివాళ్ల కథ విన్నాడట, ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మ రావాలో ఇప్పటికీ చెప్తున్నాడు. చేర్యాలకు ఫోన్ చేస్తే పెళ్లిళ్ల ఆర్డర్లున్నాయి, దసరా తర్వాతే అన్నారు.